ఎడమ పక్క సీటు

ఆ వానాకాలంలో మా కారు హెడ్‌లైట్ బల్బులు నాన్న మూడుసార్లు మార్చాడు. మొదటిసారి పాతవాటికి వెలుతురు తగ్గిందన్నాడు. రెండోసారి కొత్తవి నాసిరకం అన్నాడు. మూడోసారి బల్బులతో పాటు పైన అద్దాలు కూడా విప్పి, లోపల మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించి, సాయంత్రం కారుని గోడకి ఎదురుగా నిలబెట్టి లైట్లు వేసి చూశాడు.

"ఊహూ, ఇంకా మసగ్గానే ఉంది" అన్నాడు.

పక్కనే నిలబడ్డ నాకు ఆ వెలుతుర్లో గోడ మీద బల్లి తోక కూడా కనిపిస్తోంది. కారు విషయంలో నాన్నకి ఎదురుచెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

అది చిన్న పెట్రోలు కారు, వయసులో నాకంటే రెండేళ్ళు పెద్దది. మీటర్లో అయిదంకెలే ఉండేవి కాబట్టి లక్ష దాటినప్పుడల్లా మళ్ళీ సున్నాల దగ్గరికి వచ్చేది. అప్పటికి అలా నాలుగుసార్లు తిరిగి, అయిదో చుట్టులో అరవై రెండు వేల దగ్గర ఉంది. అన్ని కిలోమీటర్లలోనూ ఇంజను విప్పింది ఒకే ఒక్కసారి, అదీ నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు. అయిదు వేలకోసారి ఆయిల్ మార్చాల్సిందే, ఇంట్లో పెళ్ళయినా చావయినా. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్లో నీళ్ళు చూడాల్సిందే. బెల్టు తెగేదాకా ఆగడం, క్లచ్ కేబుల్ పుటుక్కుమనేదాకా ఆగడం ఆయన దృష్టిలో మహాపాపం. "పాడయ్యాక మార్చడం ఎవడైనా చేస్తాడు" అనేవాడు. మా అమ్మ తన చీర చిరిగినప్పుడల్లా ఆ మాటే ఆయనకి అప్పజెప్పేది.

ఆ కారులోనే నాన్న మా వీధిలో నలుగురు పిల్లల్ని బడికి దింపి, సాయంత్రం తీసుకొచ్చేవాడు. అదే ఆయన పని. ఇద్దరు కవల ఆడపిల్లలు, ఎక్కగానే గురక పెట్టే నిద్రమొహం ఒకడు, నోరు మూతపడని ఆరేళ్ళ చిలక. కొత్తగా పిల్లని పంపేవాళ్ళు ముందు కారు వయసు విని భయపడేవాళ్ళు. బ్రేకులు పడతాయా అండీ, టైర్లు బాగున్నాయా అండీ అని అడిగేవాళ్ళు. నాన్న ఏమీ అనుకోకుండా వాళ్ళని కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పుకొచ్చేవాడు. దిగాక ఎవరూ మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

ముందు సీట్లో, నాన్నకి ఎడమ పక్కన, అమ్మ కూర్చునేది. మొదట్లో కూరలకనీ, మందులకనీ ఏదో వంక చెప్పి ఎక్కేది. తర్వాత వంకలు చెప్పడం కూడా మానేసింది. కూర్చున్నది మొదలు ఆగకుండా మాట్లాడేది. "అదిగో ఎడమవైపు సైకిలొస్తోంది. ఆ పెద్దాయన దాటేలాగే ఉన్నాడు. కుక్కండీ, కుక్క." పిల్లలు ఆవిడకి రేడియో ఆంటీ అని పేరు పెట్టారు. నేనూ నవ్వేదాన్ని. ఇరవయ్యొక్కేళ్ళు వచ్చాయి, కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్నాను, నవ్వడానికి తప్ప నాకు బుర్ర పనిచెయ్యలేదు.

*

ఒక శనివారం కారు ఎడమ అద్దం ఊడి వేలాడుతుంటే నాన్న మేస్త్రి దగ్గరికి బయల్దేరాడు. నేనూ వెళ్ళాను. పదిహేనేళ్ళుగా ఆ ఇంజను సంగతి తెలిసింది నాన్నకీ, ఆ మేస్త్రికీ మాత్రమే.

"నెలలో ఇది మూడో అద్దం మాస్టారూ" అన్నాడు మేస్త్రి.

"ఎవడో బండి వెనక్కి తీస్తూ తగిలించి పోయాడు. ఆపి ఉన్న కారుని కూడా వదలరు మనుషులు."

మేస్త్రి తలూపాడు. వంగి ఎడమ తలుపు మీద ఉన్న గీతల్ని బొటనవేలితో రాశాడు. కింద చక్రం దగ్గర ఇంకో గీత. వెనక తలుపు మీద ఇంకోటి.

నాన్న అవేం పట్టించుకోకుండా బానెట్ ఎత్తి, ఇంజను ఆన్ చేసి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "రెండో సిలిండర్ దగ్గర టప్పెట్ కొంచెం కొడుతోంది, విను" అన్నాడు. మేస్త్రి విన్నాడు. తనకేం వినపడలేదన్నాడు. పైమూత విప్పి చూస్తే నాన్న చెప్పిన చోటే గోరంత సందు ఎక్కువుంది.

నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు మేస్త్రి నా దగ్గరికొచ్చాడు.

"పాపా, ఈ ఇంజను ఇంకో లక్ష అవలీలగా లాగుతుంది. ఆ పూచీ నాది. అద్దాల సంగతి మాత్రం నన్నడక్కు."

"అదేంటి మేస్త్రీ?"

"అన్నీ ఎడమవైపే తగులుతున్నాయి. కుడివైపు చూడు, కొత్త పెళ్ళికొడుకులా ఉంది."

అని గుడ్డ భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు అంటే అబద్ధం. సగం అర్థమైంది. మిగతా సగం వద్దనుకున్నాను.

*

మరుసటి వారం అమ్మకి జ్వరం వచ్చింది. రెండ్రోజులకి మంచం మీంచి లేవలేకపోయింది. పొద్దున్నే నన్ను పిలిచి, ముంజేయి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.

"ఈవేళ కాలేజీ మానెయ్. నాన్న పక్కన కూర్చో."

"దేనికమ్మా?"

"కూర్చోమంటే కూర్చో. ఫోను చూడకు. ఎడమవైపు ఏమొచ్చినా చెప్తూ ఉండు. ఆయనకి కబుర్లుండాలి, లేకపోతే తోచదు."

మొదటి మలుపులోనే తెలిసింది. చినుకులు పడుతున్నాయి. ఎడమవైపు నుంచి ఒక పాలబండి వస్తోంది. నాన్న చూస్తాడులే అనుకున్నాను. కారు నెమ్మదించలేదు. పాలవాడు కాలు నేలకి ఆనించి, మా తలుపు పక్కనే నిలదొక్కుకుని, ఏదో అరిచాడు.

"ఏమిటీ గోల?" అన్నాడు నాన్న, ఎదురుగానే చూస్తూ.

"పాలబండి నాన్నా."

"చెప్పాలి కదమ్మా" అన్నాడు. కోపంగా కాదు. ఉప్పు అందించలేదేమని అడిగినంత మామూలుగా.

ఆ తర్వాత నేను నోరు మూయలేదు. సైకిలు, ఆటో, తోపుడుబండి, గొడుగేసుకున్న ఆడమనిషి. వెనక చిలక తన బడి కబుర్లు చెబుతోంది, నిద్రమొహం గురక పెడుతున్నాడు, నా అరచేతులు చెమటతో సీటుకి అతుక్కుపోతున్నాయి. ఆరు కిలోమీటర్లు. గేర్లు వెన్నలా పడుతున్నాయి, ఇంజను చప్పుడు కూడా లేదు. రోడ్డులో ప్రతి గుంతా ఆయనకి తెలుసు. ఎదురుగా ఉన్నదంతా చక్కగా కనిపిస్తోంది. పక్కల నుంచి వచ్చేది మాత్రం ఆయనకి లేనే లేదు.

ఆ మధ్యాహ్నం నాన్న షెడ్డులో స్పార్క్ ప్లగ్గులు తీసి శుభ్రం చేస్తున్నాడు. నేను చెప్పులు విడిచేసి వెళ్ళి, ఆయనకి ఎడమ పక్కన, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో నిలబడ్డాను. ఆయన ఒక ప్లగ్గు మొన గీకి, ఊది, వెలుతురుకి పెట్టి చూసుకున్నాడు. "నీకేం తక్కువ చేశానే, ఇలా మసి పట్టావు" అన్నాడు దానితో. నేను చెయ్యెత్తి, వేళ్ళు విప్పి, ఆయన చెవి పక్క నుంచి నెమ్మదిగా ముందుకి జరిపాను. చెంప దాటింది. కంటి కొన దాటింది. ఆయన ఇంకో ప్లగ్గు తీసుకున్నాడు. నా వేళ్ళు ముక్కు దాకా వచ్చాక ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చావమ్మలూ?"

"ఇప్పుడే నాన్నా."

లోపలికెళ్ళి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను.

"నీకు తెలుసా?"

అమ్మ గోడవైపు తిరిగింది. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు ఎండాకాలం నుంచి. అప్పుడింత లేదు."

"డాక్టరుకి చూపించలేదా?"

"చూపిస్తే నడపొద్దంటారని వద్దన్నాడు. ఆ కారు దిగితే మనిషి ఏమైపోతాడోనని నేనూ గట్టిగా అనలేదు."

"వెనకాల నలుగురు పిల్లలుంటారమ్మా."

"నేనున్నాగా" అంది అమ్మ. అంటూనే మొహానికి కొంగు కప్పుకుంది. ఆ ఏడాదిన్నరలో ఆవిడ ఎన్ని నిద్రలు పోగొట్టుకుందో నాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజే ఆపి ఉండాల్సింది. తాళాలు దాచెయ్యొచ్చు. మేస్త్రికి చెప్పొచ్చు. కాళ్ళావేళ్ళా పడొచ్చు. నేనేం చేశానంటే, మర్నాడు పొద్దున్న తల దువ్వుకుని వెళ్ళి ఆ సీట్లో కూర్చున్నాను. అమ్మని ఎలా తప్పు పట్టను?

*

నాలుగో రోజు సాయంత్రం వాన కుండపోతగా పడుతోంది. అయిదింటికే చీకటి కమ్మింది. బడి గేటు ముందు వ్యాన్లు, ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుని ఉన్నాయి. వైపర్లు కొట్టుకుంటున్నాయి. నాన్న ఫస్టు గేర్లో, మనిషి నడిచే వేగంతో కారుని ముందుకి పాకిస్తున్నాడు.

"ఎడమవైపు వ్యాను, ఆగి ఉంది. దాని ముందు ఇంకో వ్యాను. పర్వాలేదు, పోనీ" అంటున్నాను.

ఆ రెండు వ్యాన్ల సందులోంచి చిలక వచ్చింది. పసుపు రంగు రెయిన్‌కోటు, చేతిలో చిన్న గొడుగు. మా కారుని గుర్తుపట్టి నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది. సరిగ్గా మా ఎడమ చక్రం ముందు దాని టిఫిన్ డబ్బా జారి పడింది. తీసుకోవడానికి వంగింది. వంగితే బానెట్ చాటున ఇక కనిపించలేదు.

నాలుగు రోజులుగా ఆగని నోరు సరిగ్గా అప్పుడే బిగుసుకుపోయింది. రెండు సీట్ల మధ్య ఉన్న హ్యాండ్ బ్రేకుని రెండు చేతులా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి పైకి లాగాను. కారు ఒక్క కుదుపు కుదిపి, ఇంజను ఆగిపోయింది. చక్రం కింద ఏదో పటపటమని విరిగింది.

"ఏమైంది?" అన్నాడు నాన్న. "ఆగిపోయిందేం? ప్లగ్గుల్లోకి నీళ్ళు పోయినట్టున్నాయి." తాళం వైపు చెయ్యి పోనిచ్చాడు.

"తిప్పకు నాన్నా."

ఎంతసేపని చెప్పను. తలుపు తీయడానికి పిడి ఎక్కడుందో నాకు గుర్తు రాలేదు. బానెట్ అంచు మీద ముందు ఒక చిన్న తడి చెయ్యి కనిపించింది. ఆ తర్వాత పసుపు రంగు టోపీ. చిలక లేచి నిలబడి, డబ్బా పైకెత్తి నాకు చూపించింది. కిటికీ దగ్గరికొచ్చి, "అక్కా, నా గొడుగు కారు కిందకి పోయింది" అంది.

నాన్న ఆ గొంతు విన్నాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో ఆయనకి తెలిసింది. కుడిచేత్తో స్టీరింగు పట్టుకునే, ఎడం చేత్తో మా ఇద్దరి మధ్యా తడిమాడు. పైకి లేచి ఉన్న బ్రేకు తగిలింది. దాని మీద ఇంకా బిగుసుకుని ఉన్న నా చేతులు తగిలాయి. వాటి మీద తన చెయ్యి అలాగే ఉంచాడు.

"ఎంత దూరంలో ఉంది?" అన్నాడు మెల్లగా.

ఆయన తలుపు తీసుకుని వానలోకి దిగాడు. బానెట్ మీద అరచెయ్యి ఆనించుకుంటూ ముందు నుంచి చుట్టూ నడిచి, ఎడమ తలుపు తీశాడు. వెనక వ్యాను వాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

"అటు జరుగమ్మా" అన్నాడు.

నేను స్టీరింగు ముందుకి జరిగాను. పిల్లలు నలుగురూ ఎక్కి తలుపులేసుకున్నారు. లైసెన్సు ఆ కారు మీద నేర్చుకుని తెచ్చుకున్నదే అయినా, ఆ ఆరు కిలోమీటర్లు నేను రెండో గేరు దాటలేదు. ఇంజను మూలుగుతోంది. ఎప్పుడైనా అలా మూలిగిస్తే నాన్న ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు ఒక్క మాట అనలేదు.

*

కళ్ళ డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, కాగితాల మీద నల్లటి మచ్చలు చూపించింది.

"నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలీదు. అంచులన్నీ పోయాయి, ఎడమవైపు మరీను. ఇప్పుడు మీరు గొట్టంలోంచి చూస్తున్నట్టు లెక్క. పోయింది రాదు. ఉన్నది నిలబెట్టుకుందాం."

నాన్న తలూపాడు.

"పిల్లలెంతమంది?" అంది ఆవిడ రాసుకుంటూ.

"నలుగురండీ" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన మొహంలోకి చూసి, "ఒక్కతేనండీ. ఇదిగో, ఈ పిల్ల" అంది.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "ఇది రక్తసంబంధంలో వస్తుంది. నువ్వు కూడా ఏడాదికోసారి చూపించుకోవాలి." నేను సరేనన్నాను. అప్పుడు ఆ మాట నా చెవిలోంచి వెళ్ళిపోయింది. నా భయమంతా ఆ నలుగురి ఇళ్ళ మీద ఉంది.

ఇంటికొచ్చాక అమ్మ అంది, "కారు మరీ పాతబడిపోయింది, ఇక మానేస్తున్నాం అని చెప్దాం. నాలుగు లక్షలు దాటిన కారు. ఎవరైనా నమ్ముతారు."

నాన్న షెడ్డు వైపు తల తిప్పాడు.

"దానికేం రోగం" అన్నాడు. "దాని మీద పెట్టను." లేచి చొక్కా వేసుకున్నాడు.

ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని మూడిళ్ళకీ నేనే తీసుకెళ్ళాను. ప్రతి ఇంటి దగ్గరా, లోపలికి రమ్మన్నా వెళ్ళకుండా, గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. నాకు చూపు సరిగా లేదు, ఏడాదిన్నర పైగా తెలుసు, తెలిసే మీ పిల్లల్ని ఎక్కించుకున్నాను. నిద్రమొహం వాళ్ళ తాత, "ఇన్నాళ్ళూ ఎలా పడుకున్నారండీ మీరు?" అని అడిగి, తలుపేసుకున్నాడు.

చిలక వాళ్ళమ్మకి గొడుగు సంగతి కూడా చెప్పాడు. నేను చెప్పొద్దని చెయ్యి నొక్కుతూనే ఉన్నాను. ఆవిడ అరవలేదు. వింటూ వింటూ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. చిలక లోపల్నుంచి వచ్చి ఆవిడ ఒళ్ళో దూరబోతే, దాన్ని రెండు చేతులా గట్టిగా అదిమిపట్టుకుంది. పిల్ల "అబ్బా, ఊపిరాడట్లేదమ్మా" అంటోంది. "వెళ్ళండి" అంది ఆవిడ మాతో. "దయచేసి వెళ్ళండి." ఆ పిల్ల మళ్ళీ మా కారు ఎక్కలేదు. వీధిలో ఎదురుపడితే ఆవిడ ఇప్పటికీ నన్ను చూస్తుంది గానీ మాట్లాడదు. నేనూ మాట్లాడించను.

కవలల నాన్న మాత్రం అంతా విని, నావైపు చూశాడు.

"ఇప్పుడు కారు ఎవరు నడుపుతారు?"

"నేనే బాబాయ్."

"నీ కళ్ళు చూపించుకున్నావా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"చూపించుకుని రా. కాగితం నాకు చూపించు. అప్పుడు మాట్లాడదాం."

నాన్న వేళ్ళు నా భుజం మీద ఒక్కసారిగా బిగుసుకున్నాయి. డాక్టరమ్మ అన్న మాట ఆయన మర్చిపోలేదని నాకు అప్పుడే తెలిసింది.

*

పరీక్ష గది చిన్నది, కిటికీ లేదు. ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, తెల్లటి గిన్నెలాంటి దాంట్లోకి చూడమన్నారు. మధ్యలో ఉన్న బొట్టు మీదే చూపు పెట్టాలి. పక్కల్లో ఎక్కడైనా చిన్న వెలుగు చుక్క కనిపిస్తే చేతిలో ఉన్న మీట నొక్కాలి. తలుపేసి లైటు తీసేశారు.

మొదట ఒక చుక్క వచ్చింది, నొక్కాను. ఇంకోటి వచ్చింది, నొక్కాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. రాలేదో, వచ్చినా నాకు కనిపించలేదో తెలీదు. అదే ఆ పరీక్షలో ఉన్న నరకం. ఎడమవైపు చీకట్లోకి చూడకూడదు, చూడకుండా చూడాలి. నాన్న ఏడాదిన్నర పాటు ప్రతి పొద్దునా తాళం తిప్పేముందు ఇలాగే కూర్చున్నాడా అనిపించింది. గడ్డం కింద చెమట కారింది. అప్పుడు మూలగా, సూదిమొనంత, ఒక చుక్క మెరిసింది. నొక్కాను.

ఏమీ లేదన్నారు. ఈ ఏడాదికి ఏమీ లేదు, వచ్చే ఏడు మళ్ళీ రమ్మన్నారు. కాగితం తీసుకుని బయటికి వచ్చాను.

నాన్న బెంచీ మీద రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఎదురుగా లేను కాబట్టి ఆయనకి కనిపించలేదు. అందుకని ఆయన మొహాన్ని నేను కాసేపు చూడగలిగాను. బడి గేటు దగ్గర వానలో దిగినప్పుడు గానీ, ఆ మూడు గుమ్మాల ముందు నిలబడ్డప్పుడు గానీ ఆ మొహంలో అంత భయం లేదు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు.

నేను వెళ్ళి ఆయనకి ఎదురుగా, సరిగ్గా కనిపించేలా, మోకాళ్ళ మీద కూర్చున్నాను.